దైవవాణి – ప్రశ్నించువాని హృదయము

రేపు ఏమి జరుగునో ముందుగా తెలిసికొనవలెనను కోరిక మానవునితోనే పుట్టినది. విత్తు చల్లిన కర్షకునకు వానను గూర్చిన చింత. ఓడనెక్కిన వర్తకునకు గాలిని గూర్చిన చింత. కుమార్తె నిండుచూలాలై యున్న తల్లికి ప్రసవమును గూర్చిన చింత. రాజునకు యుద్ధమును గూర్చిన చింత. తన బుద్ధి చాలనిచోట మానవుడు దైవమును ఆశ్రయించును. ఇది దౌర్బల్యము కాదు. తన మితి నెరిగినవాడు చేయదగిన పనియే. అయితే దైవసన్నిధికి పోయి మనము ఏమి అడుగుచున్నాము? ఏ మనస్సుతో అడుగుచున్నాము? విన్న మాటను ఏమి చేసికొనుచున్నాము?

ఈ ప్రశ్నలను గూర్చి వేయి సంవత్సరములకు పైగా తలపోసిన జాతులలో ప్రాచీన గ్రీకులు ముఖ్యులు. వారి దేశమున దేవతలు వాక్కునిచ్చు క్షేత్రములు అనేకములుండెడివి. వారి చరిత్రకారులు, నాటకకర్తలు, తత్త్వవేత్తలు ఆ దైవవాణులను గూర్చి ఎన్నియో కథలు వ్రాసి యుంచిరి. ఆ కథలను కూర్చి చదివినచో ఒక్క విషయము స్పష్టమగును. వానిలో పరీక్షకు గురియైనది దేవుని సర్వజ్ఞత్వము కాదు, ప్రశ్న అడిగినవాని హృదయము. ఈ విషయమునే పాఠక మహాశయులకు కొన్ని ఉదాహరణలతో విన్నవింపదలచితిమి.

డెల్ఫీ క్షేత్రము

గ్రీసు దేశమున కొరింథు అఖాతమునకు ఉత్తరముగా పర్నాసస్ అను పర్వతము కలదు. దాని వాలున కొండచరియల నడుమ డెల్ఫీ క్షేత్రమున్నది. దేవరాజగు జ్యూస్ భూమి యొక్క రెండు అంచుల నుండి రెండు గరుడపక్షులను వదలగా అవి డెల్ఫీలో కలిసికొన్నవనియు, కావున ఆ స్థలము భూమికి నాభియనియు గ్రీకుల పురాణగాథ. అపోలో దేవుడు అచ్చట పైథాన్ అను మహాసర్పమును వధించి ఆ క్షేత్రమునకు అధిపతి యయ్యెనని చెప్పుదురు. ఆ దేవుని వాక్కును పలుకు స్త్రీకి పైథియా యని పేరు.

పైథియా రాజవంశమునకో, విద్వాంసుల కుటుంబమునకో చెందవలసిన నియమము లేదు. క్రీ.శ. మొదటి శతాబ్దాంతమున ఆ ఆలయమున అర్చకుడుగా నుండిన ప్లూటార్క్ అను పండితుడు, తన కాలపు పైథియా పేద రైతుకుటుంబమున పెరిగిన సామాన్య స్త్రీ యని, ఏ శాస్త్రమును నేర్చి రాలేదని వ్రాసెను. ఆమె కాస్టాలియా యను ఊటనీటితో శుచియై, గర్భగృహమున ముక్కాలి పీఠముపై కూర్చుండి, దేవుడు పలికించిన మాట పలికెడిది. ఆదిలో సంవత్సరమునకు ఒక్క దినమున మాత్రమే ప్రశ్నకు అవకాశముండెను. తరువాతి కాలమున నెలకొకసారి, ఏడవ దినమున, అవకాశము కలిగెను. చలికాలమున మూడు మాసములు అపోలో వేరొక దేశమునకు పోవునని వారి నమ్మకము.

ప్రశ్నించువాడు ముందుగా నైవేద్యపు రొట్టె సమర్పింపవలెను. ఒక మేకపై నీరు చల్లి, అది ఒడలెల్ల వణికిననే దేవుడు అంగీకరించెనని తలచి లోనికి పోనిచ్చెడివారు. ఆలయ ముఖమండపమున కొన్ని సూక్తులు చెక్కబడి యుండెను. నిన్ను నీవు తెలిసికొనుమని ఒకటి, దేనియందును మితి మీరవలదని మరియొకటి. దేవుని ప్రశ్నింపవచ్చిన ప్రతివాడును ఆ మాటలను దాటియే లోనికి పోవలెను. అనగా, భవిష్యత్తును అడుగక పూర్వమే అడుగువానికి ఒక ఆజ్ఞ ఎదురగుచుండెను. ఎందరు దానిని చదివి గ్రహించిరి, ఎందరు చదువకయే దాటిపోయిరి అనునదే మన కథలన్నింటి సారము.

సామాన్యుల ప్రశ్నలు

దైవవాణి యనగనే రాజులు, యుద్ధములు మనకు జ్ఞప్తికి వచ్చును. కాని అచ్చటికి పోయినవారిలో సామాన్యులే అధికులు. గ్రీసు దేశపు వాయవ్య భాగమున ఎపైరస్ ప్రాంతమందు డొడోనా అను క్షేత్రము కలదు. అచ్చట జ్యూస్ దేవుని వాక్కు ఒక పవిత్రమైన సింధూర వృక్షము ద్వారా వెలువడునని విశ్వసించిరి. ఆ దేవుని సేవకులు కాళ్లు కడుగుకొనక, కటికనేలపై శయనించెడివారని హోమర్ మహాకవి తన ఇలియడ్ కావ్యమున చెప్పియున్నాడు. భక్తులు తమ ప్రశ్నలను పలుచని సీసపు రేకులపై గీసి సమర్పించెడివారు. త్రవ్వకములలో లభించిన అట్టి లేఖనములు 4,200కు పైగా 2013లో గ్రంథరూపమున ప్రకటింపబడినవి.

ఆ రేకులను చదివినచో రెండువేల సంవత్సరముల దూరము ఒక్క క్షణమున తొలగిపోవును. ఏ దేవతను పూజించిన తనకు సంతానము కలుగునని ఒకరు అడిగిరి. ఈ పెండ్లి చేసికొనుట మేలా యని మరియొకరు అడిగిరి. పోయిన దుప్పట్లను, దిండ్లను బయటివాడెవడైనను దొంగిలించెనా యని ఒకడు అడిగెను. భార్య గర్భమందున్న శిశువు తనదేనా యని ఒకడు అడిగెను. ఈ చివరి ప్రశ్నను చదివినవారికి, ఆ ఇంటిలో ఎంతటి అనుమానాగ్ని రగులుచుండెనో తెలియకపోదు. అతనికి దేవుడిచ్చిన జవాబు మనకు దొరకలేదు. కాని అతని ప్రశ్న అతని హృదయమును మన ముందు పరచినది. మనము దేవుని అడుగునది వ్రాసి యుంచినచో, అది మన జాతకము కన్న స్పష్టముగా మనలను చూపును.

క్రీసస్ మహారాజు

నేటి తుర్కీ దేశపు పశ్చిమ భాగమును పూర్వము లిడియా యనెడివారు. దాని రాజగు క్రీసస్ ధనమునకు పెట్టినది పేరు. పారసీక ప్రభువగు సైరస్ నానాటికి బలపడుచుండుటచే క్రీసస్ కలవరపడెను. ఏ దైవవాణి నిజమైనదో పరీక్షింపదలచి, అనేక క్షేత్రములకు దూతలను పంపి, తాము బయలుదేరిన నూరవ దినమున రాజు ఏమి చేయుచున్నాడో అడుగుడని ఆజ్ఞాపించెను. ఆ దినమున ఆతడు ఎవరును ఊహింపజాలని పని చేసెను. ఒక తాబేటిని, ఒక గొఱ్ఱెపిల్లను కలిపి కంచుపాత్రలో కంచుమూత వేసి ఉడికించెను. డెల్ఫీ వాణి దానిని యథాతథముగా చెప్పెనని చరిత్రకారుడగు హెరోడోటస్ వ్రాసెను.

రాజు ఆనందమునకు మేరలేదు. 3,000 పశువులను బలియిచ్చెను. 117 లోహపు ఇటుకలను, వానిపై నిలుచు మేలిమి బంగారు సింహమును డెల్ఫీకి కానుకగా పంపెను. తరువాత, పారసీకులపై యుద్ధమునకు పోవచ్చునా యని అడిగెను. పోయినచో ఒక మహాసామ్రాజ్యమును నీవు నశింపజేయుదువని జవాబు వచ్చెను. అంతకన్న ఏమి కావలెను? ఆతడు హాలిస్ నదిని దాటెను. క్రీ.పూ. 546 ప్రాంతమున ఒక మహాసామ్రాజ్యము నిజముగనే నశించెను. అది ఆతనిదే.

బందీయైన క్రీసస్ తన సంకెళ్లను డెల్ఫీకి పంపి, ఉపకారము చేసినవానిని మోసగించుట గ్రీకు దేవుని ధర్మమా యని నిష్ఠూరమాడెను. ఏ సామ్రాజ్యమని ఆతడు మరల అడుగవలసియుండెను, అడుగలేదు, తప్పు ఆతనిదేయని పైథియా బదులు చెప్పెను. ఆ మాట వినిన పిమ్మట క్రీసస్ తన తప్పును తాను గ్రహించెనని హెరోడోటస్ కథనము.

ఈ కథను చదివి, దేవుడు రెండర్థముల మాట చెప్పి తప్పించుకొన్నాడని నవ్వువారు కలరు. కాని క్రీసస్ నడవడిని చూడుడు. తాబేలును గూర్చి అడుగునప్పుడు ఆతడు ఎంత జాగరూకుడు! దైవమును పరీక్షించుటకు నూరు దినములు లెక్కించెను. తన కోరికను పరీక్షించుటకు ఒక్క గడియయు వెచ్చింపలేదు. జవాబు చెవిని పడకముందే ఆతని మనస్సున యుద్ధము నిశ్చయమై యుండెను. అట్టివానికి ఏ మాట చెప్పినను తన కోరికకు అనుకూలముగనే వినబడును. బంగారు సింహము దేవుని సన్నిధిని చేరెను గాని, రాజు మాత్రము ముఖమండపపు సూక్తిని చదువలేదు.

అడుగరాని ప్రశ్నలు

కొన్ని ప్రశ్నలు అడుగుటయే పాపమని తెలుపు కథలును కలవు. స్పార్టా నగరమున గ్లాకస్ అను నీతిమంతుడుండెను. ఆతని సత్యసంధతను విని మిలీటస్ నగరవాసి యొకడు తన ధనమున సగము ఆతనియొద్ద దాచి, గుర్తులిచ్చి, ఈ గుర్తులు చూపినవారికి ఈయవలసినదని చెప్పిపోయెను. చిరకాలమునకు ఆతని కుమారులు గుర్తులతో వచ్చిరి. గ్లాకస్ తనకేమియు జ్ఞాపకము లేదని, నాలుగు మాసములు గడువు కావలెనని చెప్పి వారిని పంపివేసెను. పిదప డెల్ఫీకి పోయి, అబద్ధపు ప్రమాణము చేసి ఆ ధనమును దక్కించుకొనవచ్చునా యని దేవునే అడిగెను!

పైథియా ఇచ్చిన జవాబు భయంకరమైనది. అట్లు ప్రమాణము చేసినచో ఇప్పటికి లాభమే. సత్యము పలికినవానికిని మరణము తప్పదు గదా. అయితే ప్రమాణమునకు పేరులేని సంతానమొకటి కలదు. దానికి చేతులు లేవు, కాళ్లు లేవు. అయినను అది వెంటాడి ఆ వంశమునంతయు పట్టుకొని నాశనము చేయును. జవాబు యొక్క భావమిది. గ్లాకస్ గడగడ వణకి, తన ప్రశ్నను క్షమింపవలసినదని వేడుకొనెను. దేవుని శోధించుటయు, ఆ పాపమును చేయుటయు ఒక్కటేయని పైథియా పలికెను. గ్లాకస్ ధనమును తిరిగి ఇచ్చివేసెను. అయినను ఆతని వంశము వాడొక్కడును స్పార్టాలో మిగులలేదని కథ ముగియుచున్నది.

ఇచ్చివేసిన పిమ్మటను శిక్ష ఏల? గ్లాకస్ కు ధర్మము తెలియక అడుగలేదు. తెలిసియే, దానికి మినహాయింపు కోరి వచ్చెను. తన దొంగతనమున దేవుని పాలివానిగా చేయజూచెను. మనస్సాక్షి స్పష్టముగా చెప్పిన విషయమున మరల దైవాజ్ఞ కావలెననుట భక్తి వలె కనబడును. అది భక్తి కాదు.

మరియొక కథ ఇంకను ఆశ్చర్యకరము. సైరస్ పై తిరుగుబాటు చేసిన పాక్టియస్ అను లిడియా దేశీయుడు పారిపోయి సైమీ నగరమున శరణు చొచ్చెను. అప్పగింపుడని పారసీకులు ఒత్తిడి చేసిరి. నగరవాసులు మిలీటస్ సమీపమందలి బ్రాంకిడే క్షేత్రమునకు దూతలను పంపి అపోలోను అడిగిరి. అప్పగింపుడని జవాబు వచ్చెను. అరిస్టోడికస్ అను పౌరుడు నమ్మజాలక తానే పోయి మరల అడిగెను. అదే జవాబు. అంతట ఆతడు ఆలయము చుట్టును తిరుగుచు, అచ్చట గూళ్లు కట్టుకొన్న పిచ్చుకలను, ఇతర పక్షులను వెడలగొట్టసాగెను. పాపాత్ముడా, నా శరణాగతులను నా ఆలయము నుండి తరుముదువా యని గర్భగృహము నుండి ధ్వని వినవచ్చెను. ఆతడు జంకక, ప్రభూ, నీ శరణాగతులను నీవు కాపాడుకొనుచు, మా శరణాగతుని మాత్రము అప్పగింపుమందువా యని అడిగెను. అవును, అట్లే చెప్పితిని, మీరు ఆ పాపము చేసి త్వరగా నశించి, శరణాగతుని అప్పగింపవచ్చునా యని అడుగుటకు మరల నా సన్నిధికి రాకుందురు గాక యని జవాబు వచ్చెను.

శరణన్నవానిని రక్షించుట ధర్మమని సైమీ వాసులకు తెలియును. తెలిసియు, భయముచేత, ఆ భారమును దేవునిపై వేయబోయిరి. దేవుడు వారి మాటనే వారికి శాపముగా మరలించెను. అరిస్టోడికస్ ఒక్కడు ఆ జవాబునకు తలయూపక, దేవుని ధర్మమును దేవుని సన్నిధిలోనే నిలువదీసి అడిగెను. ఈ కథలో నిజమైన భక్తుడు ఆతడే యని మాకు తోచుచున్నది.

జవాబును స్వీకరించు విధము

ప్రశ్నను ముందుగనే వంచి అడుగుటయు కలదు. క్రీ.పూ. 401లో జెనోఫోన్ అను ఏథెన్సు యువకుని అతని మిత్రుడొకడు పారసీక రాకుమారుని సైన్యమునకు పిలిచెను. జెనోఫోన్ తన గురువగు సోక్రటీసును సంప్రదించెను. డెల్ఫీకి పోయి అడుగుమని గురువు చెప్పెను. శిష్యుడు పోయి, పోవలెనా వలదా యని అడుగలేదు. ఏ దేవతలకు బలియిచ్చినచో ప్రయాణము శుభముగా ముగిసి క్షేమముగా తిరిగి వత్తునని అడిగెను. జవాబు తెచ్చిన శిష్యుని సోక్రటీసు మందలించెను. మొదట అడుగవలసినది విడిచి, పోవుట తానే నిశ్చయించుకొని, సుఖముగా పోవు మార్గము మాత్రము అడిగితివని ఆ మందలింపు. ఈ సంగతిని జెనోఫోన్ తన గ్రంథమున తానే దాపరికము లేక వ్రాసికొనుట ప్రశంసనీయము.

జవాబు కఠినమైనప్పుడు కర్తవ్యమేమి? క్రీ.పూ. 480లో పారసీక చక్రవర్తి జర్‌క్సీస్ మహాసైన్యముతో గ్రీసుపై దండెత్తెను. ఏథెన్సు దూతలు డెల్ఫీలో ప్రవేశించినంతనే, లోకపుటంచులకు పారిపొండని పైథియా పలికెను. దూతలు కుప్పకూలిరి. ఆ క్షేత్రమున పెద్దయగు టైమన్ అనునాతడు, ఆలివ్ కొమ్మలు చేతబట్టి శరణార్థులై మరల పొండని వారికి ఉపదేశించెను. వారు మరల పోయి, ఇంతకన్న మంచి మాట చెప్పనిచో ఈ సన్నిధిని వదలక ఇచ్చటనే ప్రాణములు విడుతుమని విన్నవించిరి. ఈ మారు, కొయ్యగోడ యొక్కటే నిలుచుననియు, దివ్యమైన సలామిస్ ద్వీపము స్త్రీల కుమారులను నశింపజేయుననియు వాణి పలికెను.

కొయ్యగోడ యనగా ఏమి? పూర్వము కోటకొండ చుట్టును కంపకంచె యుండెను గనుక అదియేయని కొందరు వృద్ధులనిరి. సలామిస్ యొద్ద ఓటమి తప్పదు గనుక దేశము విడిచిపోవలెనని వ్యాఖ్యాతలనిరి. థెమిస్టోక్లీస్ అను నాయకుడు లేచి, నశించువారు మనమే యైనచో దేవుడు ఆ ద్వీపమును క్రూరమైనదనును గాని దివ్యమైనదని యనడు, నశించువారు శత్రువులే, కొయ్యగోడ యనగా మన ఓడలే యని వాదించెను. కొన్ని సంవత్సరములకు పూర్వము లారియన్ గనులలో దొరికిన వెండిని పౌరులు పంచుకొనబోగా, ఆతడే ఒప్పించి ఆ ధనముతో ఓడలు కట్టించియుండెను. ప్రజలు ఆతని మాటను నమ్మి ఇండ్లు వాకిళ్లు విడిచి ఓడలెక్కిరి. సలామిస్ జలసంధిలో విజయము లభించెను. కొయ్యకంచెను నమ్మి కోటకొండపై నిలిచిన కొందరు మాత్రము ప్రాణములు కోల్పోయిరి.

క్రీసస్ విన్నది సందిగ్ధమైన మాటయే, ఏథెన్సువారు విన్నదియు సందిగ్ధమైన మాటయే. ఆతడు ఒంటరిగా, తన కోరికతో దానికి అర్థము చెప్పుకొనెను. వీరు సభగా కూడి, వాదించి, ఒక్కొక్క పదమును తూచి, తమ సర్వస్వమును త్యాగము చేయుటకు సిద్ధపడి అర్థము తెలిసికొనిరి. దైవవాణి బుద్ధికి సెలవు ఈయలేదు. బుద్ధికి పని కల్పించినది.

ఈడిపస్, సోక్రటీస్

గ్రీకు నాటకకర్తలలో శ్రేష్ఠుడగు సోఫోక్లీస్ రచించిన ఈడిపస్ రాజు కథ లోకప్రసిద్ధము. కొరింథు రాజపుత్రుడుగా పెరిగిన ఈడిపస్ ను విందులో మత్తుడొకడు, నీవు నీ తండ్రి కుమారుడవు కావనెను. అనుమానము తీర్చుకొనుటకు ఆతడు డెల్ఫీకి పోయి తన తల్లిదండ్రులెవరని అడిగెను. దేవుడు దానికి జవాబీయక, నీవు తండ్రిని చంపి తల్లిని పరిణయమాడుదువని చెప్పెను. ఈడిపస్ భయభ్రాంతుడై, కొరింథునకు తిరిగి పోరాదని నిశ్చయించుకొని, వేరొక దారి పట్టెను. మూడు బాటలు కలియు చోట తనతో కలహించిన వృద్ధుని చంపెను. థీబ్సు నగరమును పీడించు స్ఫింక్స్ రాక్షసి పొడుపుకథను విప్పి, ఆ రాజ్యమును, విధవయైన రాణిని పొందెను. ఆ వృద్ధుడే తండ్రి. ఆ రాణియే తల్లి.

ఈ కథను విధి బలీయమనుటకు తార్కాణముగా చెప్పుదురు. అది నిజమే. కాని మనము గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. నేనెవరి బిడ్డను అను తన ప్రశ్నకు జవాబు రాలేదని ఈడిపస్ భయములో మరచిపోయెను. జవాబు లభింపని ప్రశ్నను విడిచి, అడుగని విషయము నుండి పారిపోయెను. స్ఫింక్స్ పొడుపుకథకు జవాబు మానవుడని చెప్పగలిగిన మేధావి, ఆ మానవుడు తానెవరో ఎరుగడు. ముఖమండపపు సూక్తి ఎంత బరువైనదో ఈ నాటకము కన్న ఘోరముగా చెప్పినది మరియొకటి లేదు.

ఇందుకు ప్రతిగా సోక్రటీస్ చరిత్ర కలదు. ఆతని మిత్రుడు కెరిఫోన్ డెల్ఫీకి పోయి, సోక్రటీసు కన్న జ్ఞాని ఎవడైనను కలడా యని అడిగెను. ఎవడును లేడని పైథియా చెప్పెను. ఇంతటి మెప్పు క్రీసస్ కు లభించియున్నచో ఏమి చేసెడివాడో ఊహించుకొనుడు! సోక్రటీసు సంతోషింపలేదు, కలవరపడెను. నాకు జ్ఞానము లేదని నాకు తెలియును, దేవుడు అసత్యమాడడు, మరి ఈ మాటకు అర్థమేమని విచారణకు పూనుకొనెను. రాజకీయవేత్తలను, కవులను, చేతిపనివారిని కలిసి ప్రశ్నించెను. ప్రతివాడును తెలియనిది తెలియునని తలచుచుండెను. తుదకు, తనకు తెలియదని తెలిసియుండుటయే తన జ్ఞానమని, మానవ జ్ఞానము అల్పమని చెప్పుటకు దేవుడు తన పేరును ఉదాహరణగా వాడెనని గ్రహించెను. ఆ విచారణను దైవసేవగా భావించి, ఇల్లు గడచుట మరచి, పేదరికమున జీవించెను. క్రీ.పూ. 399లో ఆతనిపై నేరము మోపినప్పుడు న్యాయసభలో ఈ వృత్తాంతమును చెప్పెను. విషపాత్రను స్వీకరించెను గాని ఆ సేవను మానుటకు ఒప్పుకొనలేదు.

సంశయము – సమాధానము

ఇవన్నియు కథలే గదా, పూజారుల మోసము లేదా యని అడుగువారు ఉందురు. గ్రీకులు ఈ విషయమును దాచలేదు. ధనమిచ్చి పైథియా చేత కావలసిన మాట పలికించిన సందర్భములను హెరోడోటస్ వ్రాసెను. అట్టి నేరము బయటపడి పెరియల్లా అను పైథియా పదవి కోల్పోయెను. పుస్తకములందలి సందిగ్ధ వాక్కులలో కొన్ని తరువాతివారు కూర్చినవి కావచ్చును. శాసనములలో లభించు జవాబులు చాలవరకు సూటిగా, ఈ దేవతకు బలియిండు, ఇట్లు చేయుట మేలు అనునట్లు ఉన్నవి.

1892లో ఫ్రెంచి పండితులు డెల్ఫీలో గొప్ప త్రవ్వకములు ఆరంభించిరి. నేలనుండి ఆవిరి వెలువడి పైథియాను ఆవేశింపజేసెనను పురాతన కథనమును 20వ శతాబ్దమున అనేకులు త్రోసిపుచ్చిరి. 2001లో కొందరు భూవిజ్ఞానవేత్తలు ఆలయము క్రింద రాతి పగుళ్లు కలవని, అచ్చటి ఊటలలో ఎథిలీన్ వాయువు జాడ కలదని ప్రకటించిరి. ఇతరులు దానిని ఖండించిరి. ఆ వాదము ఎటు తేలినను మన విషయమునకు హాని లేదు. సూర్యుని వెలుగు చంద్రునిపై బడి మనకు చేరునప్పుడు మందగించి వేరు రూపము పొందునట్లు, దైవప్రేరణ మానవదేహము ద్వారా వచ్చునప్పుడు ఆ దేహపు లక్షణమును పొందునని ప్లూటార్క్ ఏనాడో చెప్పియుండెను.

ఆ పండితుడే ఒక విషాదమును వ్రాసెను. విదేశపు దూతలు వచ్చినందున, మేక వణుకకున్నను, దానిపై కుండలకొలది నీరు గ్రుమ్మరించి వణికించి, ఇష్టము లేని పైథియాను లోనికి పంపిరి. ఆమె గొంతు మారి, కేకలు వేయుచు ద్వారమువైపు పరుగెత్తి కూలిపోయెను. కొద్ది దినములకే మరణించెను. దైవము మౌనముగా నున్నప్పుడు మౌనమును గౌరవింపక, బలవంతముగా జవాబు రాబట్టగోరిన దానికి ఒక నిరపరాధియైన స్త్రీ ప్రాణము బలియయ్యెను. మనము ఓర్వలేనిది చెడు జవాబును కాదు, మౌనమును. ఆ తొందరలో ఎవరెవరిని నలిపివేయుచున్నామో ఆలోచింపవలసియున్నది.

ముగింపు

క్రీ.శ. 4వ శతాబ్దాంతమున రోము చక్రవర్తి థియోడోసియస్ పూర్వమతపు బలులను, ఆరాధనలను నిషేధించెను. పైథియా పీఠము శూన్యమయ్యెను. నేడు డెల్ఫీకి పోయినవారికి విరిగిన స్తంభములు, కొండగాలి తప్ప జవాబు చెప్పువారు లేరు.

కాని ముఖమండపపు సూక్తులు నశింపలేదు. డెల్ఫీకి సుమారు 4,000 కిలోమీటర్ల దూరమున, మన దేశపు వాయవ్య దిశను, నేటి అఫ్గానిస్తానములో వక్షు నది యొడ్డున ఐఖానుమ్ అను గ్రీకు నగరపు శిథిలములు 1960వ దశకమున బయల్పడినవి. అచ్చట కినియాస్ అను పురుషుని స్మారక మందిరమున ఒక శిలాపీఠము దొరికినది. క్లియార్కస్ అనునాతడు డెల్ఫీలో పూర్వుల సూక్తులను శ్రద్ధగా నకలు వ్రాసికొని, ఆ దూరదేశమున నిలిపెనని దానిపై చెక్కబడియున్నది. బాల్యమున వినయము, యౌవనమున నిగ్రహము, నడిప్రాయమున న్యాయము, వార్ధక్యమున మంచి ఆలోచన, మరణమున దుఃఖరాహిత్యము అను ఐదింటిని ఆ శిల బోధించుచున్నది.

అంతదూరము పోయిన ఆ యాత్రికుడు డెల్ఫీ నుండి భవిష్యత్తును మోసికొనిపోలేదు. ఏ యుద్ధమున ఎవడు గెలుచునో, ఎవరికెప్పుడు సంతానము కలుగునో ఆ శిలపై లేదు. ఎట్లు జీవింపవలెనో మాత్రము ఉన్నది. వేయి సంవత్సరములు పలికిన ఆ వాణిలో ఎడారులు దాటి మోయదగినది ఇదియేయని ఆతడు తలచియుండవచ్చును.

కావున సోదరులారా, మాతృమూర్తులారా! దైవసన్నిధిలో చేతులు జోడించి నిలిచినప్పుడు, కోరిక నోటికి రాకముందు ఒక్క క్షణము ఆగి, ఆ కోరికను మనమే ఒకసారి చూచుకొందుము. ధర్మము తెలిసియు మినహాయింపు కోరుచున్నామా? మన భారమును దేవునిపై వేసి తప్పించుకొనుచున్నామా? నిశ్చయించుకొన్నదానికి ఆమోదముద్ర మాత్రము అడుగుచున్నామా? ఇట్లు చూచుకొనిన పిమ్మటను మిగిలిన ప్రశ్న ఏదియో, అది అడుగదగిన ప్రశ్న. దానికి జవాబు వెంటనే వచ్చినను, ఆలస్యముగా వచ్చినను, మౌనమే జవాబైనను, అడిగినవాడు రిక్తహస్తములతో తిరిగిపోడు.